పదకొండు మందిని వదిలేసి

జూన్ 12

తమ్ముడూ,

నువ్వు కులాసాగా ఉన్నావని పేపర్లో నీ ఫొటో చూసి తెలుసుకున్నాను. బుగ్గలు వచ్చాయి. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మీ బావకి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి తనకు నచ్చిన మాటలే వింటోంది. నీ పొలం దుక్కి చేయించాను, వాన పడగానే జొన్న వేస్తాను. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి పదిరోజులైంది. అది అలా ఉంచు.

అసలు సంగతి వేరే. రిటైరైన లెక్కల మాస్టారు నిన్న పేపరు పట్టుకుని వచ్చారు. మీరక్కడ పార్లమెంటులో విత్తనాల బిల్లు పెడుతున్నారట. నకిలీ విత్తనం అమ్మేవాళ్ళని జైల్లో వేస్తారట. సంతోషం. కానీ అందులో పంతొమ్మిదో సెక్షన్ ఒకటి ఉంది. మాస్టారు రెండుసార్లు చదివి వినిపించారు. రిజిస్టరు కాని విత్తనాన్ని అమ్మినా, ఇచ్చినా, మార్చుకున్నా శిక్ష అని ఉంది. ఇచ్చినా అంటే ఏమిట్రా? నేను ముప్పై ఏళ్ళుగా ఇస్తూనే ఉన్నాను కదా. నా దగ్గర నాలుగు రకాల జొన్న ఉంది. ఊళ్ళో పదకొండు మంది ఆడవాళ్ళు నా దగ్గర తీసుకెళ్తారు, పంట వచ్చాక తిరిగి ఇస్తారు. వాళ్ళ దగ్గరున్న చిక్కుడో పెసలో నేను తెచ్చుకుంటాను. మాలో ఎవరి విత్తనం రిజిస్టరైంది? మంచి కంకి చూసి ఏరతాం, ఆరబెడతాం, బూడిద కలిపి డబ్బాలో పోస్తాం. మా రిజిస్టరు అంతే.

కంపెనీ విత్తనం వేసి ఊరు ఊరంతా కంకి లేని చేలు చూసుకుని ఏడ్చిన ఏడాది నువ్వేం చేశావో నీకు నేను చెప్పాలా? ఆ మొక్కల్ని వేళ్ళతో సహా పీకి, మూడు ట్రాక్టర్లలో వేసుకెళ్ళి, వ్యవసాయాఫీసు ముందు పూలమొక్కల మడిలో నాటావు. "మీరే నీళ్ళు పోయండి. కంకి వేస్తే వచ్చి మీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నావు. ఆ రోజు నుంచి నీకు కంకులాయన అని పేరు. ఆ పేరే నిన్ను రెండుసార్లు గెలిపించి అక్కడ కూర్చోబెట్టింది. మరుసటి ఏడాది ఊరంతా విత్తింది మాత్రం నా డబ్బాల్లోది.

నువ్వు ఆ బిల్లు కమిటీలోనే ఉన్నావని మాస్టారు అన్నారు. "ఇచ్చినా" అన్న ఆ ఒక్క మాట తీయించు.

మరదలి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఫోనులో చెప్పకు, నేను మర్చిపోతాను, మీ బావకి వినపడదు. కాగితం మీద రాయి.

అక్క


జూన్ 27

గౌరవనీయులైన అమ్మగారికి,

తమరు ఈ నెల 12వ తేదీన వ్రాసిన లేఖ అందినది. తమరి అమూల్యమైన సూచన గౌరవ సభ్యులవారి దృష్టికి తీసుకువెళ్ళబడినది. ట్రాన్స్‌ఫార్మర్ విషయమై సంబంధిత శాఖకు తగు సూచనలు ఇవ్వబడినవి. రైతు సంక్షేమమే సభ్యులవారి ఏకైక ధ్యేయమని మనవి.

సభ్యులవారి తరఫున,
ఆంతరంగిక కార్యదర్శి


జూలై 22

అక్కా,

సభ అవగానే కూర్చుని రాస్తున్నాను. విత్తనాల బిల్లు పాసైంది!

నాకు పన్నెండు నిమిషాలు ఇచ్చారు. తొమ్మిదేళ్ళలో ఇన్ని నిమిషాలు ఎప్పుడూ ఇవ్వలేదు. కంకి వేయని ఆ చేల గురించి చెప్పాను. పురుగుమందు డబ్బా చేతిలో పట్టుకుని గట్టు మీద కూర్చున్న మన పక్క పొలం ఆయన గురించి చెప్పాను. సభలో గుసగుసలు ఆగిపోయాయి. ఇక్కడ మనుషులు మాట్లాడేవాడి ముఖం చూడరు అక్కా, గడియారం చూస్తారు. ఇవాళ నా ముఖం చూశారు. అయ్యాక మంత్రిగారు నా బల్ల దగ్గరికి వచ్చి, "మీరు మాట్లాడకపోతే ఇంత సాఫీగా జరిగేది కాదు" అన్నారు.

కొత్తగా వచ్చినప్పుడు ఈ హాల్లో తివాచీ మీద నడవడానికే భయపడేవాణ్ణి, కాళ్ళకి మట్టి ఉందేమో అని. ఇవాళ ఆ భయం పోయింది.

ఈ మధ్య నీ నుంచి ఒక్క ముక్క లేదు. నాట్లూ కలుపులతో తీరిక లేదేమో. మీ మరదలు మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కుతూ నిన్నే తలుచుకుంటోంది.

నీ తమ్ముడు


ఆగస్టు 3

నీ ఆఫీసు జవాబు అందింది. నీ ప్రసంగం గురించి కూడా విన్నాను. ఇంక మనం రాసుకోవాల్సింది ఏముంది?

అక్క


ఆగస్టు 16

అక్కా,

నీ ఉత్తరం చూసి మనసు పాడైంది. ఎందుకు కోపమో అర్థం కాక కార్యదర్శిని అడిగాను. "ట్రాన్స్‌ఫార్మర్ గురించి రాశారు సార్, ఇంకా వేయలేదేమో" అన్నాడు. అంతేనా! దానికి ఇంత అలకా? వెంటనే కరెంటు ఇంజనీరుకి ఫోను చేసి గట్టిగా చెప్పాను. వారంలో కొత్తది వస్తుంది. నీకోసం చేయకపోతే ఇంకెవరికోసం చేస్తాను?

కానీ ఒకటి చెప్పనీ. దేశం మొత్తానికి చట్టం చేస్తున్న రోజుల్లో వీధి ట్రాన్స్‌ఫార్మర్ కోసం మూతి ముడుచుకోవడం నీ పెద్దరికానికి తగలేదు.

తమ్ముడు


నవంబర్ 9

తమ్ముడూ అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తున్నాను.

మొన్న మంగళవారం పొద్దున పదింటికి విత్తనాల ఇన్‌స్పెక్టరు జీపులో వచ్చాడు. వెంట ఇద్దరు పోలీసులు. మంచినీళ్ళు అడిగితే ఇచ్చాను. తాగి, మూతి తుడుచుకుని, "ఈ డబ్బాల్లో ఏముందమ్మా?" అన్నాడు.

"విత్తనం నాయనా."

"ఎవరికైనా ఇచ్చారా?"

"ఇవ్వకపోతే ఇంత ఎందుకు దాస్తాను?"

అది రాసుకున్నాడు. చదివి వినిపించి వేలిముద్ర వేయమన్నాడు. సంతకం వచ్చురా వెధవా అని సంతకం పెట్టాను.

తర్వాత పోలీసులు డబ్బాలు దింపారు. తెల్లజొన్న, పచ్చజొన్న, ఎర్రది, పిట్టలు ముట్టనిది. నాలుగూ ఒకే గోనెలో కుమ్మరించారు. నేను గోనె మూతి పట్టుకుని, "కలపకండి, విడివిడిగా తీసుకెళ్ళండి, మీకు పుణ్యముంటుంది" అని బతిమాలాను. "తూకానికి అన్నీ ఒకటేనమ్మా" అన్నాడు ఆ ఇన్‌స్పెక్టరు. ముప్పై ఏళ్ళు ఒక్కో కంకీ చేత్తో ఏరానురా. వాళ్ళకి చిటికెలో అయిపోయింది.

పన్నెండు ఇళ్ళలో ఇలాగే చేశారు. పన్నెండు మంది ఆడవాళ్ళ మీద కేసు. బావి పక్క పిన్ని కూడా. డెబ్భై నాలుగేళ్ళు, ఒక కన్ను కనపడదు, గుప్పెడు చిక్కుడు గింజలు దొరికాయట. "నేనేం తప్పు చేశానే?" అని నన్నడుగుతోంది. మా తమ్ముడు చేసిన తప్పు పిన్నీ అని చెప్పాను.

ఈ నెల 28న కోర్టు. నీ పన్నెండు నిమిషాలకి మేం పన్నెండు మందిమి. లెక్క సరిపోయింది.

అక్క


నవంబర్ 24

అక్కా,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండిపోయింది, ఆ అధికారుల మీద. కంకులాయన అక్క ఇంట్లో జొరబడతారా! అరగంటలో జిల్లా అధికారిని లైన్లోకి తెప్పించి వాయించి వదిలిపెట్టాను. "పొరపాటైంది సార్, మీ అక్కగారని తెలియదు" అని కాళ్ళబేరానికి వచ్చాడు. ముద్దాయిల జాబితాలోంచి నీ పేరు తీసేశారు. నువ్వు 28న కోర్టుకి వెళ్ళక్కర్లేదు. నిశ్చింతగా ఉండు.

మిగతావాళ్ళది కూడా నెమ్మదిగా చూద్దాం. అందరి పేర్లూ ఒకేసారి తీయమంటే పత్రికలవాళ్ళు పట్టుకుంటారు.

ఇక ఆ సెక్షన్. అది దొంగ వ్యాపారుల కోసం పెట్టింది. మీలాంటివాళ్ళ మీద వాడతారని ఎవరనుకున్నారు? తప్పంతా నాదే అన్నట్టు పిన్నితో చెప్పడం న్యాయమేనా? ముందే ఒక్క మాట నా చెవిన వేసి ఉంటే నేను చూసుకునేవాణ్ణి కదా.

నీ తమ్ముడు


డిసెంబర్ 1

ఒరేయ్,

నీ ఉత్తరం 29న వచ్చింది. కోర్టు 28న. నా పేరు నువ్వు తీయించావని నాకు కోర్టు హాల్లో తెలిసింది.

ఏం జరిగిందో విను. పిన్నిని నేనే తీసుకెళ్ళాను. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను, కోర్టు వరండాలో రెండు గంటలు నా భుజానికి ఆనుకుని నిలబడింది. పేర్లు పిలిచారు. పదకొండు పిలిచి ఆపేశారు. నేను ముందుకు వెళ్ళబోతే గుమ్మం దగ్గర బంట్రోతు చెయ్యి అడ్డం పెట్టాడు. "ముద్దాయిలు మాత్రమే లోపలికి. మీ పేరు లేదు." ఉందయ్యా, సరిగ్గా చూడు అన్నాను. లోపలున్న గుమాస్తా తలెత్తి, "ఆవిడ ఎంపీ గారి అక్కగారు, కొట్టేశారు" అని అందరికీ వినపడేట్టు అన్నాడు.

ఆ పదకొండు మందీ నా వైపు చూశారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

పిన్ని చెయ్యి నా చేతిలోంచి తీసి లోపలికి తోశారు. కనపడని కన్ను వైపే బోను మెట్టు ఉంది. పట్టుకునేవాళ్ళు లేరు. గుమ్మంలో నిలబడి చూస్తుండగానే పడిపోయింది. ఆ చప్పుడు నాకు వినిపించింది. తుంటి ఎముక విరిగింది. ఇప్పుడు ఆసుపత్రిలో కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. నన్ను చూసి ముఖం అటు తిప్పుకుంది.

నేను ముద్దాయిగా ఉండి ఉంటే ఆ మెట్టు దగ్గర ఆమె పక్కన ఉండేదాన్ని. నువ్వు నన్ను కాపాడావు. నిన్నెవడు కాపాడమన్నాడు? పదకొండు మందిని బోనులో వదిలేసి నన్నొక్కదాన్ని జుట్టు పట్టుకుని బయటికి లాగావు. నీ ఇంటిపరువు నిలబడింది. ఊళ్ళో నేను తలెత్తుకునేది ఎలా?

ముందే ఒక్క మాట నీ చెవిన వేయలేదా? జూన్ 12న రాశాను. పంతొమ్మిదో సెక్షన్ అని నంబరు వేసి రాశాను. ఏ మాట తీయాలో కూడా రాశాను. నీ దృష్టికి తీసుకువెళ్ళబడినదని నీ ఆఫీసు జవాబిచ్చింది. నేను నోరు మూసుకున్నది ట్రాన్స్‌ఫార్మర్ కోసం కాదురా గాడిదా. అన్నీ తెలిసే చేయెత్తావని నోరు మూసుకున్నాను.

నేను నిన్న మళ్ళీ కోర్టుకి వెళ్ళాను. నా పేరు తిరిగి చేర్చమని మేజిస్ట్రేటుని అడిగాను. ఇలాంటి అర్జీ ఎప్పుడూ చూడలేదన్నాడు. మూడోసారి అడిగాక రాసుకున్నాడు.

ఇంక నాకోసం ఎవరికీ ఫోను చేయకు.


డిసెంబర్ 12

అక్కా,

నీ జూన్ ఉత్తరం దొరికింది. విజ్ఞప్తుల ఫైల్లో, ఒక వీధిదీపానికీ ఒక సిఫార్సుకీ మధ్య ఉంది. పైన ముద్ర, తేదీ. ట్రాన్స్‌ఫార్మర్ అన్న మాట కింద ఎర్ర పెన్సిల్ గీత. మిగతా ఉత్తరం మీద ఒక్క గీత కూడా లేదు.

కార్యదర్శి మీద విరుచుకుపడ్డాను. చేతిలో ఉన్న ఫైలు గోడకేసి కొట్టాను. అతను కాగితాలు ఏరుకుంటూ, "సార్, ఉత్తరాలు మొత్తం చదివి వినిపించొద్దని, పని ఏమిటో ఒక్క ముక్కలో చెప్పమని మీరే అన్నారు" అన్నాడు. అన్నాను. నిజమే. మొదటి ఏడాది ప్రతి ఉత్తరం నేనే చదివేవాణ్ణి. రోజుకి రెండు సంచులు వచ్చేవి. ఎప్పుడు మానేశానో నాకే గుర్తు లేదు.

ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు, నీకు చెప్తున్నాను. ఆ బిల్లు నలభై ఆరు పేజీలు. మంత్రి ఆఫీసు ఇచ్చిన రెండు పేజీల సారాంశం చదివి చేయెత్తాను. అందులో పంతొమ్మిదో సెక్షన్ గురించి ఒక్క మాట లేదు. కమిటీలో నన్ను ఎందుకు వేసుకున్నారో ఇప్పుడు అర్థమవుతోంది. వాళ్ళకి కావలసింది నా బుర్ర కాదు, నా పేరు. కంకులాయన ఒప్పుకున్నాడంటే రైతులంతా ఒప్పుకున్నట్టే కదా.

నీ మీద కూడా నాకు కోపంగా ఉంది, దాచను. కోపమొస్తే నోరు కుట్టేసుకోవడం నీకు చిన్నప్పటి జబ్బు. ఆగస్టులో రెండు లైన్లు కాకుండా నాలుగు రాసి ఉంటే, గాడిదా అని అప్పుడే తిట్టి ఉంటే, చట్టం అమల్లోకి రాకముందే నేను లేచి నిలబడేవాణ్ణి. నేను తెలిసే చేశానని ఎలా నమ్మావు? నన్ను ఎత్తుకుని పెంచినదానివి.

పిన్ని గురించి మూడుసార్లు రాసి చింపేశాను.

వచ్చే సమావేశాల్లో సవరణ పెడతాను. మా పార్టీ ఒప్పుకోదు. పెడతాను.

తమ్ముడు


ఫిబ్రవరి 20

నా ఉత్తరం సభలో చదవమని నీకెవరు చెప్పారు?

మాస్టారు రేడియో అరుగు మీద పెట్టారు. ఊరంతా చేరింది. నువ్వు నా ఉత్తరం మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టావు. నీ బుగ్గలూ, మీ బావ చెవులూ, మరదలి మోకాళ్ళూ దేశం మొత్తానికి తెలిశాయి. మీ బావ ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ సంగతి మాత్రం కుడి చెవికి బాగా వినపడింది.

తర్వాత, "ఈ సెక్షన్ నేను చదవకుండా చేయెత్తాను. తప్పు చేశాను" అన్నావు. అప్పుడు సభలో నీ వెనక ఎవరో నవ్వారు. ఒకడు కాదు, చాలామంది నవ్వారు. నాకు నీ మీద ఉన్న కోపమంతా ఒక్క క్షణం వాళ్ళ మీదికి పోయింది. వాళ్ళు మాత్రం నలభై ఆరు పేజీలూ చదివారా? ఆ మాట నువ్వే అడుగుతావని చూశాను. అడిగావు. నవ్వు ఆగింది. అక్కడ మాత్రం బాగా చేశావు. మిగతాదానికి నేను మెచ్చుకోను.

మీ స్పీకరు నీ సవరణ వీగిపోయిందన్నాడు. చేతులు ఎత్తింది ఎంతమంది? నువ్వు ఒక్కడివేనా?

పిన్ని కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. నాతో ఇప్పుడు మాట్లాడుతోంది. నా పేరు కేసులో మళ్ళీ చేరిందని తెలిశాక మాట్లాడింది.

అక్క


ఏప్రిల్ 2

అక్కా,

చేయెత్తింది ఏడుగురం. మా పార్టీలో నేనొక్కణ్ణే.

కానీ ఆ రోజు తర్వాత పత్రికలు పట్టుకున్నాయి, రైతు సంఘాలు రోడ్డెక్కాయి. నిన్న మంత్రి తనే కొత్త బిల్లు తెచ్చి పాస్ చేయించాడు. రైతులు తమలో తాము ఇచ్చిపుచ్చుకునే విత్తనానికి శిక్ష లేదు. కేసులన్నీ ఎత్తేస్తారు. మీ పన్నెండు మందివీ పోతాయి. నేను అడిగిన మాటలే, కామా కూడా మార్చలేదు. తన ప్రసంగంలో నా పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. నా వైపు చూడలేదు. నేను చప్పట్లు కొట్టాల్సి వచ్చింది. అరచేతులు మండాయి.

ఇవాళ ఎన్నికల టికెట్ల జాబితా వచ్చింది. నాకు లేదు. మన దగ్గర ఎరువుల కొట్టు ఆసామికి ఇచ్చారు. పార్టీ ఆఫీసులో అరగంట బెంచీ మీద కూర్చోబెట్టి, చివరికి ఒక కుర్రవాడి చేత "అధ్యక్షులవారు బిజీ" అని చెప్పించారు. పదేళ్ళు ఊరూరా తిరిగి జెండా మోసింది ఇందుకా?

నేను ఒంటరిగా నిలబడుతున్నాను. ఓడిపోతానని మీ మరదలు అంటోంది. ఆ ఆసామిని ఎదురు లేకుండా సభకి పోనివ్వడం నావల్ల కాదు.

నీ విత్తనం తిరిగి ఇస్తారని కాగితం పంపాను.

తమ్ముడు


మే 18

అక్కా,

ఫలితం నీకు తెలిసే ఉంటుంది. మూడో స్థానం.

క్వార్టర్ ఖాళీ చేస్తున్నాం. పదిహేను రోజుల గడువిచ్చి మూడో రోజే తాళాలు మార్చడానికి మనిషి వచ్చాడు. గుమ్మంలోనే దులిపేశాను. మీ మరదలు సామాన్లు కడుతోంది.

ఓడినందుకు బాధ లేదు. ఎరువుల కొట్టు ఆసామి గెలిచి, మన మట్టి మీద ఒట్టేసి మాట్లాడుతుంటే రేడియో కట్టేశాను. మన ఊళ్ళో మాత్రం నాకే ఎక్కువ వచ్చాయట. అది చాలు. నీ ఓటు, బావ ఓటు నాతో ఉన్నాయన్న ధైర్యంతోనే ఆ నెల తిరిగాను.

జూన్ మొదటి వారంలో వచ్చేస్తున్నాం. నా పొలం నాకు ఇస్తావా?

తమ్ముడు


మే 27

తమ్ముడూ,

పొలం నీది, నన్ను అడిగేదేముంది? దుక్కి అయింది. విత్తనం గోనె తిరిగి వచ్చింది. నాలుగు రకాలూ కలిసిపోయే ఉన్నాయి. వేసి, కంకి చూసి విడదీయడానికి మూడు పంటలు పడుతుంది. ఇది నీకు చెప్పి ఏం లాభమో తెలియదు కానీ చెప్తున్నాను.

నా ఓటు గురించి రాశావు. అబద్ధం ఆడలేను. నేను నీకు వేయలేదు.

కాగితం చేతిలో పట్టుకుని నీ గుర్తు చూశాను. ముద్ర వేద్దామనే చెయ్యి పెట్టాను. ఆ గుమాస్తా మాట చెవిలో పడింది, "ఆవిడ ఎంపీ గారి అక్కగారు." చెయ్యి ముందుకు పోలేదు. ఆ ఆసామికి కూడా వేయలేదులే, వాడి ముఖానికి. ఖాళీ కాగితం మడిచి పెట్టెలో వేసి వచ్చాను. మీ బావ నీకే వేశాడు.

పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. బయటికి వచ్చాక ఎవరికి వేశావని అడిగాను. "నీ తమ్ముడికి" అంది. నాకు మండిపోయింది. "నీ తుంటి విరగ్గొట్టినవాడికి వేశావా?" అన్నాను.

"విరగ్గొట్టింది నేనేనని వాడు ఒప్పుకున్నాడుగా" అంది. "మిగతావాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు."

నాకు అంత మనసు లేదు. పిన్ని తన ఎముకని క్షమించగలదేమో, నేను ఆ గుమ్మంలో నిలబడ్డ నిమిషాన్ని క్షమించలేకపోతున్నాను. ఎప్పటికైనా పోతుందేమో, మాట ఇవ్వను.

బస్సు దిగగానే మా ఇంటికి రాకు. ముందు పిన్ని దగ్గరికి వెళ్ళు. తర్వాత మిగిలిన పది ఇళ్ళకీ వెళ్ళు. పనులున్నాయని చెప్పి ఎవరి గుమ్మం దాటేయకు. వాళ్ళు తలుపు తీసినా తీయకపోయినా నిలబడు. మాది చివర. అప్పటికి నీరసించిపోతావని నాకు తెలుసు, అయినా సరే. నేను నిన్ను తిట్టాల్సింది ఇంకా చాలా ఉంది. ఉత్తరాల్లో పట్టడం లేదు.

అక్క